బావ పడవలో నేను తీసేసిన మైకు

బావ పడవలో నేను కొత్తగా పెట్టిన వస్తువులు చాలా ఉన్నాయి. తీసేసింది మాత్రం ఒక పాత మైకు, దానికి తగిలించిన యాంప్లిఫయర్ పెట్టె, పడవ ముందు భాగంలో కట్టిన హారన్. తెలియక తీశానని చాలామందికి చెప్పాను. తెలిసే తీశాను.

జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కన నాకు సౌండు బిగించే దుకాణం ఉంది. కార్లూ లారీలూ వస్తాయి కానీ నాకు అన్నం పెట్టేది ట్రాక్టర్లు. కొత్త ట్రాక్టరు కొన్నవాళ్లు దాన్ని గుడికి తోలుకుపోయి, పూజ చేయించి, ఇంటికి కూడా పోకుండా నా దగ్గరికి వస్తారు. బానెట్ మీద పసుపు ఆరకముందే స్పీకర్లు ఎక్కాలి. ఇంజను మోతను మించి పాట వినిపించాలి. చెరకు లోడుతో పోతుంటే ఊరు దాటిన తర్వాత కూడా ఊళ్లోవాళ్లకు వినిపిస్తూ ఉండాలి. మంచి సౌండు అంటే నాకు తెలిసింది అంతే. పాత సెట్టు ఏదైనా ఉంటే ఊడదీసి అరలో పడేస్తాను. కావాలని అడిగిన మొదటి మనిషికి అది వెళ్లిపోతుంది. కొత్తది ఎక్కినచోట పాతదానికి పని లేదన్నది నా దుకాణం పద్ధతి.

బావ అంటే మా అక్క భర్త. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఇంజన్లు పరీక్షించే పని చేసి రిటైరయ్యాడు. ఆ వెంటనే, మూతపడిన ఒక రిసార్టు నుంచి పాత మోటారు బోటు కొని ఇంటికి తెచ్చాడు. “రిటైరయినోళ్లకు మోకాళ్ల నొప్పులు వస్తయ్. ఈయనకు పడవ వచ్చింది” అని అక్క వాకిట్లోకి వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంది.

వానలు మొదలైన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా ఆ పడవ మంజీర డ్యాం వెనక నీళ్ల మీద ఉంటుంది. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి పోయాక ట్రాలీ ఎక్కి ఇంటికి వస్తుంది. ఆదివారాల్లో చుట్టాలు, ఫ్యాక్టరీ స్నేహితులు, వాళ్ల పిల్లలు, వాళ్ల ఎరుకలో ఉన్నవాళ్లు వస్తారు. అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగి, బావ ఒక చుట్టు తిప్పుకొస్తాడు. వాళ్లకు నీళ్లు ఒక సాకు. వచ్చేది బావ మాటల కోసం.

మాట్లాడటం ఆయనకు పుట్టుకతో వచ్చింది. నా పెళ్లిలో చదివింపుల దగ్గర కూర్చుని, ఎవరేం తెచ్చారో మైకులో చెబుతూ ఒక్కొక్కరికీ ఒక చురక అంటించాడు. భోజనాలకు లేచినవాళ్లు ఆకులు వదిలి మళ్లీ వచ్చి నిలబడ్డారు. పడవలోనూ అంతే. ఒక చేతిలో స్టీరింగ్, ఒక చేతిలో మైకు.

“అగో, కుడిదిక్కు చూడుండ్రి. ఆ గుట్టెనక మా అత్తగారి ఊరు. అందరు దండం పెట్టుండ్రి. పెట్టకుంటే మాపటికి నాకు బువ్వ పుట్టది.”

“ఆ కొంగను చూసిన్రా? పొద్దుగాల నుంచి కదల్లే, మెదల్లే. మా సూపర్‌వైజర్ గూడ అచ్చం గిట్లనే నిలబడెటోడు. చేపను ఎన్నడు పట్టలే.”

ఆ యాంప్లిఫయర్ నేను పని నేర్చుకునే రోజుల్లో చేసింది. పాత రేడియోల సామాన్లు, ఒక రేకు పెట్టె. మాట అర్థమయ్యేది, అంతకన్నా గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు. నేను పారేస్తుంటే బావ నా చేతిలోంచి లాక్కున్నాడు. “నా బామ్మర్ది మొదటి కొడుకు ఇది. చెత్తల ఎట్ల ఏస్త?” అన్నాడు. అప్పట్నుంచి పండగలకూ పబ్బాలకూ దాన్నే మోసుకు తిరిగి, చివరికి పడవలో బిగించాడు.

తర్వాత ఆయన గొంతులో కంతి లేచింది. హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ చేశారు. మనిషి దక్కాడు కానీ గొంతు పోయింది. పోయిందంటే పూర్తిగా కాదు. ఇనుము మీద గరుకు కాగితం రుద్దినట్టు, లోపల గాలి తోసుకొస్తున్నట్టు ఒక చప్పుడు మిగిలింది. ఫోన్ మోగితే అక్కకు ఇచ్చేస్తాడు. పెళ్లిళ్లకు పోతే వెనక కుర్చీల్లో కూర్చుంటాడు. పడవ ఎక్కి మైకు పట్టుకుంటే మాత్రం మళ్లీ పాత మనిషి. ఆ తేడా ఎందుకో నేనెప్పుడూ ఆలోచించలేదు.

నేను దాచిన సంగతి ఇక్కడే ఉంది. నా దుకాణానికి బేరాలు పంపే ట్రాక్టర్ల డీలరు ఒకాయన, ఆపరేషన్ తర్వాతి చలికాలంలో, కుటుంబంతో పడవ ఎక్కుతానన్నాడు. నేనే తీసుకుపోయాను. ఒడ్డున బావ లైఫ్ జాకెట్లు ఇస్తూ, “గట్టిగ బిగించుకోండ్రి” అని తన ఉత్త గొంతుతో చెప్పాడు. డీలరు భార్య ఒక అడుగు వెనక్కి వేసింది. డీలరు నా వైపు వంగాడు.

“ఈయన గొంతు గట్లెందుకున్నది?”

మా బావ సార్, ఆపరేషన్ అయింది అనడానికి ఎంతసేపు పడుతుంది? “ఏమో సార్, జలుబు గావచ్చు” అన్నాను. బావ అక్కడే, చేతికి అందేంత దూరంలో తాడు విప్పుతున్నాడు. ఆయనకు వినిపించిందో లేదో నాకు ఈ రోజుకూ తెలియదు. పడవ కదిలాక మైకులో అత్తగారి ఊరు, కొంగ, సూపర్‌వైజర్ అన్నీ వచ్చాయి. డీలరు పిల్లలు పడీపడీ నవ్వారు. నేను మాత్రం ప్రతి మాటకూ డీలరు మొహం చూస్తూ కూర్చున్నాను.

ఎండాకాలం వచ్చింది. అక్కా బావా దవాఖానలో చూపించుకోవడానికి హైదరాబాద్ పోయి కొన్నాళ్లు చుట్టాలింట్లో ఉన్నారు. వాళ్లు వచ్చేలోగా పడవకు కొత్త సౌండు పెట్టి ఆశ్చర్యపరచాలని నాకు బుద్ధి పుట్టింది. ప్రేమతోనే అనుకున్నాను. కొంత నిజమే.

ట్రాలీకి ట్రాక్టరు కట్టి పడవను దుకాణం ముందుకు లాక్కొచ్చాను. లారీల మధ్య పడవ నిలబడితే రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూడటం మొదలుపెట్టారు. ఎదురుగా చాయ్ అమ్మే ఆయన గ్లాసు పట్టుకొచ్చి అడిగాడు.

“ఏమన్నా, ఈసారి వానలు గంత గట్టిగ పడుతయా?”

“నీ చాయ్‌ల పోసే నీళ్లకే పడవ గావాలె. వానలదాక ఎందుకు?”

నీళ్లు తగిలినా పాడవని స్పీకర్లు తెప్పించాను. సీట్ల కింద రెండు, పైకప్పు కమ్మీలకు రెండు. ఫోన్‌తో పాట పెట్టుకునే సెట్టు. అన్నీ బిగించి స్విచ్ వేస్తే కుక్క మూలిగినంత శబ్దం కూడా రాలేదు. పొద్దంతా వెతికాను. ట్రాక్టరు మీద ప్రతిదానికీ రెండు వైర్లు లాగం. ఒకటి లాగి, రెండోది దగ్గర్లోని ఇనుముకు బిగిస్తే చాలు, బండి బాడీయే వైరు పని చేస్తుంది. ఆ అలవాటుతో పడవ రెయిలింగుకు బిగించాను. ఆ రెయిలింగు కింద ఉన్నదంతా ఫైబర్. కరెంటు ఎక్కడికి పోతుంది? ఎవరూ చూడకుండా రెండో వైర్లన్నీ బ్యాటరీ దాకా లాగాను.

చివర్లో స్టీరింగ్ పక్కన కొక్కేనికి వేలాడుతున్న మైకు చేతిలోకి తీసుకున్నాను. పట్టుకునే చోట రంగు పోయి మెరుస్తోంది. బ్యాటరీ ఒకటే, రెండు సెట్లను మోయలేదు అనుకున్నాను. నేను చేసిన ఆ రేకు పెట్టె చూస్తే నా దుకాణం పరువు పోతుందనుకున్నాను. ఇవన్నీ పైపై మాటలు. మైకు లేకపోతే బావ మాట్లాడడు, మాట్లాడకపోతే ఆ గొంతు గురించి నన్నెవరూ అడగరు. ఇది నాకు ఆ క్షణంలో స్పష్టంగా తెలుసు. మూడూ ఊడదీసి అరలో పెట్టాను. కొక్కెం ఉన్నచోట నీలం లైట్లు తిరిగే గుండ్రటి మీటలు బిగించాను. ఆ తర్వాత కోహీర్ నుంచి ఒక జామతోట రైతు వచ్చి, చిలకల్ని తోలడానికి పాత హారన్ సెట్టు ఏదైనా ఉందా అని అడిగితే ఇచ్చేశాను.

వానలు పడి, నీళ్లు నిండి, పడవ మళ్లీ దిగింది. మొదటి ఆదివారం బావ ఎక్కగానే ఆయన ఎడమ చెయ్యి దానంతటదే కొక్కెం దగ్గరికి పోయింది. నీలం లైట్ల మీద ఆగింది. వేళ్లతో ఒకసారి నిమిరాడు.

“మంచిగున్నది” అన్నాడు.

పాటలు పెట్టాను. పిల్లలు ఎగిరారు. ఒడ్డున గేదెలు కూడా తలెత్తి చూశాయి. దిగేటప్పుడు అందరూ సౌండు అదిరిందన్నారు. అత్తగారి ఊరు గుట్ట వచ్చింది, పోయింది. కొంగ కూడా వచ్చింది, పోయింది. బావ రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని ముందుకు చూస్తూ నడిపాడు. ఆయన రెండు చేతులతో నడపడం నేను అంతకుముందు చూడలేదు.

తర్వాతి శనివారం అక్క దుకాణానికి వచ్చింది. ఎవరివో స్పీకర్లు పరీక్షిస్తున్నాను. అది ఆపేదాకా గుమ్మంలో నిలబడింది.

“ఏం తమ్మీ, పడవకు పాటలు నేర్పినవంట.”

“మంచిగ లేదా అక్కా?”

“మంచిగనే ఉన్నదంట. మీ బావ రేపు పోనంటున్నడు.”

“ఎందుకు?”

“నన్ను అడుగుతవా? ఇంట్ల ఉప్పు గావాలన్న చెయ్యితోటే చూపిస్తడు. వారమంత నోరు తెరవనోడు, ఆదివారం నీళ్ల మీదికి పోయి వస్తే మాపటికి బువ్వ కాడ గూడ ముచ్చట పెట్టెటోడు. ఎవరు నవ్విన్రు, ఎవరు దండం పెట్టలే, అన్ని చెప్పెటోడు. గదొక్క పూట నా మొగడు నాకు దొరుకుతుండె. నువ్వు గది గూడ తీస్తివి.”

నేను వైర్లు చుట్టడం మొదలుపెట్టాను.

“మైకు తీసేముందు ఆయనను అడిగినవా?”

“లేదక్కా.”

“అడిగితే వద్దంటడని ఎర్కే గద నీకు” అంది. కోపంగా అనలేదు. బల్ల మీద నా మంచినీళ్ల సీసా తీసుకుని తాగి వెళ్లిపోయింది.

తప్పు దిద్దుకోవడంలోనూ నా దుకాణం బుద్ధే పని చేసింది. పాతది పోతే కొత్తది పెట్టాలి. నా దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా మంచి మైకు, వైరు లేనిది, తీసుకుపోయి కొత్త సెట్టుకే కలిపాను. ఆదివారం బావను బతిమాలి పడవ ఎక్కించాను. నీళ్ల మధ్యకు వచ్చాక పాట ఆపి మైకు చేతికిచ్చాను. ఆయన కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి, నోటి దగ్గర పెట్టుకున్నాడు.

“అందరు మంచిగ కూసోండ్రి. అగో, కుడిదిక్కు…”

నాలుగు స్పీకర్లలోంచీ ఆ గొంతు ఉన్నదున్నట్టు వచ్చింది. గీరుకుపోయిన ప్రతి చోటూ, మధ్యలో పీల్చిన గాలి, మింగిన ఉమ్మి, అన్నీ. నవ్వుతున్నవాళ్లు నవ్వు ఆపారు. పెద్దవాళ్లు మర్యాదగా నీళ్ల వైపు చూశారు. అమ్మ ఒళ్లో కూర్చున్న చిన్నపిల్ల, “అమ్మా, తాతకు నొస్తున్నదా?” అని అడిగింది.

బావ మైకు మీట నొక్కి ఆపి నాకు తిరిగిచ్చాడు.

“మంచి మైకే. ఉన్నది ఉన్నట్టు చెప్తది” అన్నాడు.

మళ్లీ పాట పెట్టమని చెయ్యి ఊపాడు. పెట్టాను.

మర్నాడు దుకాణం తియ్యకుండా బండి వేసుకుని కోహీర్ పోయాను. ఆ పాత సెట్టుతో ఏదో లాభముంటుందని కాదు. ఆయన వస్తువు ఆయనకు ఇచ్చేయాలనిపించింది, అంతే. తోట ఇంకా కొంచెం దూరముందనగానే వినిపించింది.

“హేయ్, పోతరా పోరా? మీ నోట్ల మన్నువడ, ఒక్క కాయ గూడ మిగల్చరా?”

బండి ఆపేశాను. అది బావ గొంతు. ఆ గరగర, ఆ పగిలిన మాట, అచ్చం ఆయనే. బావ ఇక్కడికెందుకు వచ్చాడు, చిలకల్ని ఎందుకు తిడుతున్నాడు అని ఒక క్షణం నిజంగానే అనుకున్నాను.

జామచెట్టుకు మా హారన్ కట్టి ఉంది. కింద మంచం మీద రైతు.

“ఎవరి గొంతన్నా అది?”

“మా ఆమెది. ఫోన్ల ఎక్కించిన. చిలకలు గజగజ వణుకుతయ్.”

ఆయన భార్య గుడిసెలోంచి చెంబుతో నీళ్లు తెచ్చింది. “తాగుండ్రి, ఎండల పడి వచ్చిన్రు” అంది. సన్నని, మెత్తని గొంతు. ఆ హారన్‌లో అరుస్తున్న మనిషి ఈమె అంటే ఎవరూ నమ్మరు.

నీళ్లు తాగి చెంబు తిరిగిస్తుంటే నాకు సంగతి తెలిసింది. నేను చేసిన ఆ పెట్టెలోంచి ఎవరి గొంతైనా అట్లాగే వస్తుంది. ఆపరేషన్‌కు ముందు బావ గొంతు అట్లాగే వచ్చేది, తర్వాతా అట్లాగే వచ్చింది. అందుకే పడవలో ఎవరికీ తేడా తెలియలేదు. అందుకే అక్కడొక్కచోట ఆయన వెనకటి మనిషిలా మాట్లాడగలిగాడు. నా చేతగానితనం ఆయన గొంతుకు చాటుగా పనికొచ్చింది. నేను నేర్చుకున్న మంచి పని తీసుకొచ్చి దాన్ని లాగేశాను.

“ఆ సెట్టు నాకు వాపస్ గావాలన్నా. బదులు కొత్తది ఇస్త” అన్నాను.

రైతు లేచి కూర్చున్నాడు. “కొత్తదాంట్ల మా ఆమె గొంతు మంచిగ వస్తది. మంచిగ వస్తే చిలకలు భయపడయ్.”

“నువ్వు భయపడుతవు గద, చాలదా?” అంది ఆమె. నా వైపు తిరిగి, “ఇచ్చింది మల్ల ఎందుకు అడుగుతున్నరు?” అని అడిగింది.

తెలియక ఇచ్చానని చెప్పబోయాను. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. “అది నాది కాదమ్మా. మా బావది. గొంతు ఆపరేషన్ అయినంక ఆయన దాంట్లనే మాట్లాడెటోడు. ఆయన గొంతు నలుగురికి వినవడితే నాకు నామోషీ అనిపించి, ఆయనను అడగకుంట తీసి మీకిచ్చిన.”

ఆమె నన్ను తేరిపార చూసి, మొగుడి వైపు తిరిగింది. “ఎక్కి ఇప్పు. చిలకల సంగతి నేను చూస్త.”

అదే సాయంత్రం సెట్టు బావ ఇంటి వాకిట్లో దించాను. హారన్ లోపల చీమలు పుట్ట పెట్టాయి. బావ పీట మీద కూర్చుని, ఒక పుల్లతో వాటిని బయటికి తోలుతున్నాడు. అక్క గుమ్మంలో బియ్యం ఏరుతోంది.

“బావా, అది నేను తెలిసే తీసిన” అన్నాను.

“తెలుసు” అన్నాడు తలెత్తకుండా.

డీలరు సంగతి కూడా చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన పుల్ల పక్కన పెట్టి, హారన్ నోరు నేలకేసి తట్టాడు.

“కొత్తది తియ్యకు. పోరగాండ్లకు పాటలు గావాలె. కొక్కెం మల్ల ఎడమదిక్కే పెట్టు. ఇప్పుడే పో, దీపం పెట్టకముందే బిగియ్యి.”

“బ్యాటరీ రెండిటిని మొయ్యది బావా. ఒకటి నడిస్తే ఒకటి ఆగాలె.”

“అయితే స్విచ్ పెట్టు. పాటనా, నేనా. అది నా బొటనేలికి అందాలె. ఇంకెవరికి అందొద్దు” అన్నాడు. అక్క చాటలోంచి తలెత్తకుండానే నవ్వింది.

తర్వాతి ఆదివారం అక్క కూడా వచ్చింది. పడవ నిండా జనం, ఎక్కువమంది కొత్త మొహాలు. నేను వెనక, ఇంజను దగ్గర కూర్చున్నాను. ఒడ్డు వదిలాక పాట ఊపందుకుంది, ఇద్దరు కుర్రాళ్లు లేచి నిలబడి అడుగులు వేస్తున్నారు. సరిగ్గా వాళ్లు చేతులెత్తినప్పుడు పాట టక్కున ఆగిపోయింది.

“ఏమైంది తాతా?” అని కుర్రాళ్లు అరిచారు.

హారన్ ఒకసారి గురగుర మంది. ఆ తర్వాత ఆ గొంతు.

“ఏం గాలే. కూసోండ్రి. మీ పాట మీరు ఇంట్ల గూడ వినొచ్చు, నా ముచ్చట ఇంట్ల దొరకది. ముందుగాల మా పడవల ఉన్న పెద్దమనిషిని చూపిస్త. ఎనక ఇంజను కాడ, దొంగ లెక్క కూసున్నడు చూడుండ్రి. అతను నా బామ్మర్ది. ఈ సౌండు గూడ ఆయనదే, ఈ డబ్బ గూడ ఆయనదే. ఆయనే నా నోరు మూసిండు, మల్ల ఆయనే తెరిచిండు. మీకెవరికన్న బామ్మర్దులుంటే, పడవ తాళాలు మాత్రం ఇయ్యకుండ్రి.”

పడవంతా నవ్వుతూ వెనక్కి తిరిగింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పక్కనున్న ఒకాయన, ఏ ఊరి మనిషో, నవ్వు ఆపుకుంటూ నా భుజం తట్టాడు.

“ఆయన మీకు నిజంగ బావనేనా?”

ఇంజను మోత గట్టిగా ఉంది. ముందుదాకా వినిపించేలా చెప్పాను.

“మా బావనే. మా సొంత అక్క మొగడు.”

బావ తిరిగి చూడలేదు. ఆయన ఎడమ చేతిలో మైకు ఉంది, కుడి చేత్తో పడవను గుట్ట వైపు తిప్పుతున్నాడు.

“అగో, కుడిదిక్కు చూడుండ్రి. మా అత్తగారి ఊరు. ఇయ్యాల మా ఆమె పడవలనే ఉన్నది, జర రెండు చేతులెత్తి దండం పెట్టుండ్రి.”

అందరితో పాటు నేనూ రెండు చేతులూ ఎత్తాను.